లిబ్రేఆఫీస్‌లో తెలుగు ఫాంట్ సెట్ చేసుకున్నాను

మా వదిన పచ్చళ్ల సీసాలకు లేబుళ్లు లిబ్రేఆఫీస్ రైటర్‌లో (వర్డ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్) చేస్తున్నాను. ‘గోంగూర 500 గ్రా.’ అని కొట్టి రామభద్ర ఫాంట్ పెడితే అంకెలు మారేవి, తెలుగు అక్షరాలు మాత్రం కదిలేవి కావు. కారణం ఏమిటంటే, ఇందులో తెలుగు అక్షరాల ఫాంట్, సైజు ఇంగ్లిష్ అక్షరాలు, అంకెల వాటి నుంచి విడిగా ఉంటాయి.

టూల్స్, ఆప్షన్స్‌లోకి వెళ్లి భాషల సెట్టింగుల్లో ‘కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్’ (తెలుగు లాంటి లిపుల కోసం ఉండే సెట్టింగ్)కు టిక్ పెట్టి తెలుగు ఎంచుకున్నాను. తర్వాత ఫార్మాట్, క్యారెక్టర్‌లో తెలుగుకు వేరే గడి కనిపించింది. అక్కడ మార్చగానే అక్షరాలు ముచ్చటగా వచ్చాయి!

రామభద్ర, మండలి, సురవరం ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం, వ్యాపారానికీ వాడుకోవచ్చు. ప్రెస్‌కు మాత్రం పీడీఎఫ్‌గా ఎక్స్‌పోర్ట్ చేసే పంపండి. ఫాంట్ అందులోనే వెళ్తుంది కాబట్టి అక్కడ అక్షరాల బదులు డబ్బాలు వస్తాయన్న టెన్షన్ ఉండదు.