కడియపులంక నర్సరీ నుంచి: వెబ్‌సైట్‌కి కీవర్డ్స్ ఎలా వెతుక్కోవాలి

మాది కడియం పక్కన కడియపులంక. పెళ్లయి వచ్చిన ఏడాదే మావయ్యగారు నర్సరీ వెబ్‌సైట్ పని నాకు అప్పజెప్పారు. సైట్ అప్పటికే ఉంది. డబ్బు తీసుకుని ఎవరో చేసిచ్చారు. ఏ పేజీ టైటిల్ (గూగుల్ ఫలితాల్లో కనిపించే పేరు) చూసినా మా నర్సరీ పేరే. మొక్కలన్నిటికీ శాస్త్రీయ నామాలే. పేజీ వెనక కోడ్‌లో మాత్రం మెటా కీవర్డ్స్ అనే చోట మాటలన్నీ కామాలు పెట్టి బారుగా పేర్చి ఉన్నాయి. ఆ ట్యాగ్‌ని ర్యాంకింగ్‌లో, అంటే ఏ పేజీని పైన చూపాలో తేల్చేటప్పుడు, లెక్కలోకి తీసుకోవడం లేదని గూగుల్ 2009 సెప్టెంబరులోనే చెప్పేసింది. ఇప్పటికీ ఆ పనికి డబ్బు అడిగేవాళ్లున్నారు. ఇవ్వకండి.

కీవర్డ్ అంటే కొనేవాళ్లు సెర్చ్ పెట్టెలో కొట్టే మాట. అది మన కొట్టులో దొరకదు, వాళ్ల నోట్లో దొరుకుతుంది. అందుకే ఏ టూలూ తెరవకముందు నేను చేసిన పని, మావయ్యగారి ఫోన్ పక్కన ఒక నోటు పుస్తకం పెట్టడం. నెల్లాళ్లు వచ్చిన ప్రతి ఫోనూ, ప్రతి వాట్సాప్ మెసేజీ వాళ్లు అన్నది అన్నట్టే రాశాను. "రాత్రి పూసి తెల్లారేసరికి రాలిపోతుందే, ఎర్ర కాడ తెల్ల పువ్వు, ఉందాండీ?" "బాల్కనీలో ఎండ రాదు, ఏ మొక్క బతుకుతుంది?" "తైవాన్ జామ ఎకరానికి ఎన్ని పడతాయి, మొక్క ఎంత?" "మల్లె గుబురుగా పెరిగింది గానీ మొగ్గ వేయట్లేదు." వీళ్లలో ఒక్కరు కూడా శాస్త్రీయ నామం అనలేదు. మీది టైలరింగ్ షాపైనా, ట్యూషన్ సెంటరైనా ఈ పుస్తకంతోనే మొదలుపెట్టండి. బాగా రాసే మనిషిని పెట్టుకోవడం కన్నా బాగా వినే మనిషిని పెట్టుకోవడం ముఖ్యమని నా నమ్మకం.

ఇక్కడ నాకు చాలా టెన్షన్ పెట్టిన విషయం ఒకటుంది. మన ఇళ్లలో బ్రహ్మకమలం అని పెంచుకునేది ఎపిఫిల్లమ్ అనే జాతి. అసలు బ్రహ్మకమలం హిమాలయాల్లో చాలా ఎత్తున పూసే వేరే మొక్క. అది మన వేడికి బతకదు. మరి పేజీకి ఏ పేరు పెట్టాలి? జనం వెతికే పేరు బ్రహ్మకమలమే కాబట్టి టైటిల్‌లో అదే పెట్టాను. రెండో పేరాలోనే ఇది ఏ మొక్కో, హిమాలయాలది ఎందుకు కాదో స్పష్టంగా రాశాను. వెతికే మాటతో పిలవాలి, వచ్చాక నిజం చెప్పాలి. నిజం దాచి కీవర్డ్ ఒక్కటే వాడుకుంటే అది మోసమే, మొక్క ఇంటికెళ్లాక తిట్లు తప్పవు.

దాదాపు ఒకే పేరు రెండు మొక్కలకి ఉన్నప్పుడు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. పారిజాతాన్ని ఇంగ్లీషులో నైట్ జాస్మిన్ అంటారు. రాత్‌రాణీని నైట్ బ్లూమింగ్ జాస్మిన్ అంటారు. పారిజాతం పేజీకి నైట్ జాస్మిన్ అని మాత్రమే టైటిల్ పెట్టినన్నాళ్లూ రాత్‌రాణీ కావాలనుకునేవాళ్లు కూడా వచ్చి, ఫొటో చూసి వెళ్లిపోయారు. ఇప్పుడు ఆ టైటిల్‌లో పారిజాతం, నైట్ జాస్మిన్ రెండూ ఉన్నాయి. రాత్‌రాణీకి వేరే పేజీ ఉంది. ఒకదాన్నుంచి ఇంకోదానికి లింకు ఇచ్చాను.

పుస్తకంలో మాటలు పోగయ్యాక వాటిని గూగుల్‌లో పరీక్షించండి. ఇన్‌కాగ్నిటో విండో (మన పాత వెతుకులాటల చరిత్రని వాడని విండో) తెరిచి మాట సగం కొట్టి ఆగితే కింద పూర్తి వాక్యాలు వస్తాయి. అవి జనం నిజంగా వెతుకుతున్న మాటలు. తరవాత మొదటి పేజీలో ఏం వచ్చిందో చూడండి. అన్నీ అమ్మకం పేజీలైతే వెతికేవాడు కొనడానికి వచ్చాడు. అన్నీ వ్యాసాలూ వీడియోలే అయితే తెలుసుకోవడానికి వచ్చాడు. "మల్లె మొగ్గ వేయట్లేదు" అనే మాటకి ధరల పట్టిక చూపిస్తే లాభం లేదు. మొక్కలు అనే ఒక్క మాట మీద పెద్ద కంపెనీలు కూర్చుని ఉంటాయి, మనలాంటి చిన్నవాళ్లు దానితో కుస్తీ పట్టక్కర్లేదు. "కడియం తైవాన్ పింక్ జామ మొక్కల ధర" అని వెతికేవాళ్లు తక్కువమందే, కానీ వాళ్లు ఫోన్ చేస్తారు.

తెలుగువాళ్లలో చాలామంది తెలుగు మాటని ఇంగ్లీషు అక్షరాల్లోనే కొడతారు. పారిజాతం చివర కొందరు టి తరవాత హెచ్ పెడతారు, కొందరు పెట్టరు. రెండు రకాలుగానూ వెతికి చూడండి. దాదాపు అవే ఫలితాలు వస్తే రెంటికీ ఒకే పేజీ చాలు. స్పెల్లింగుకో పేజీ చేస్తే మన పేజీలే ఒకదానితో ఒకటి పోటీ పడతాయి.

ఒక మాటని నెలకి ఎన్నిసార్లు వెతుకుతున్నారో చూపించే కీవర్డ్ ప్లానర్ అనే టూలు, గూగుల్‌లో ప్రకటనలు ఇచ్చే గూగుల్ యాడ్స్ ఖాతాలో ఉచితంగానే ఉంటుంది. ప్రకటనలు నడపకపోతే నెలకి 100 నుంచి 1000 అన్నట్టు ఉజ్జాయింపు అంకెలే చూపిస్తుంది. రెండు మాటల్లో దేన్ని ఎక్కువగా వెతుకుతున్నారో తేల్చుకోవడానికి అది సరిపోతుంది. సున్నా చూపించిన మాటని మాత్రం కొట్టేయకండి, పుస్తకంలో నాలుగుసార్లు వచ్చి ఉంటే దానికి పేజీ రాయండి.

ఇక మాటని వాడటం. తైవాన్ జామ పేజీ ఎలా చేశానో చెబుతాను. టైటిల్: తైవాన్ పింక్ జామ మొక్కలు, ఎకరానికి ఎన్ని, ధర ఎంత. పేజీలో పెద్ద శీర్షిక కూడా దాదాపు అదే. మొదటి పేరాలోనే జవాబు. ఎకరం అంటే 43,560 చదరపు అడుగులు. 8 అడుగులకి 8 అడుగులు పెడితే సుమారు 680 మొక్కలు, 10కి 10 అయితే 435, 12కి 12 అయితే 302. గట్లూ దారీ పోతే ఇంకొంచెం తగ్గుతాయి. ఆ కింద కవర్ సైజుల వారీగా ధరలు, లారీ లోడుకి వివరాలు. ఫొటో ఫైలుకి కెమెరా ఇచ్చిన అంకెలు తీసేసి మొక్క పేరు పెట్టాను. ఆల్ట్ టెక్స్ట్‌లో, అంటే ఫొటో గురించి కోడ్‌లో రాసే చిన్న వివరణలో, ఫొటోలో ఉన్నదే రాశాను. పేజీ అడ్రసు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో చిన్నగా ఉంచాను, ఎందుకంటే తెలుగు అక్షరాల అడ్రసు కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే చాలాసార్లు శాతం గుర్తులతో బారెడు గీతలా కనిపిస్తుంది. పంపే రైతుకీ తెరిచే రైతుకీ అనుమానమే.

పేజీలో ఆ మాట ఎన్నిసార్లు రావాలని అడుగుతుంటారు. లెక్కేమీ లేదు. రాసింది మావయ్యగారికి చదివి వినిపిస్తాను. ఆయన మధ్యలో ఆపి "అదే మాట మళ్లీ మళ్లీ ఎందుకమ్మా" అంటే తీసేస్తాను. అక్కర్లేకుండా మాటలు కుక్కడాన్ని గూగుల్ స్పామ్‌గానే చూస్తుంది.

పేజీ పెట్టాక రెండు మూడు నెలలు ఆగి సెర్చ్ కన్సోల్ తెరవండి. ఏ మాటలకి మన సైట్ గూగుల్‌లో కనిపించిందో చూపించే గూగుల్ వారి ఉచిత టూలు అది. 16 నెలల వరకు వెనక్కి చూడొచ్చు. నేను ముందుగా చూసేది, గూగుల్ ఫలితాల్లో మన పేజీ సగటు స్థానం 8 నుంచి 20 మధ్య ఉండి, చాలామందికి కనిపిస్తూ క్లిక్కులు రాని మాటలు. అవి గుమ్మం దాకా వచ్చినట్టు. ఆ మాటకి పేజీలో సరైన జవాబు ఉందో లేదో చూసి, లేకపోతే రాస్తాను. పోయినసారి మల్లె పేజీకి "మల్లె ఎప్పుడు కత్తిరించాలి" అనే మాట అలా దొరికింది. మా పేజీలో కత్తిరింపు ఊసే లేదు. కత్తిరించేది చలికాలంలో. గూగుల్ పేజీని చూసి చోటు ఇవ్వడానికి వారాలు పడుతుంది కాబట్టి, ఈసారి దసరా లోపే ఆ భాగం రాసి, కత్తెర ఎక్కడ పెట్టాలో తెలిసేలా మావయ్యగారి చేతులతో ఫొటోలు తీసి పెడుతున్నాను.