నొప్పి మాత్ర నాలుగు గంటలకే దిగిపోతోందా? డాక్టర్‌ని అడగాల్సినవి

చీమకుర్తి క్వారీల్లో నడుం పోగొట్టుకున్నవాళ్లు, కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్లతో కీళ్లు బిగుసుకుపోయినవాళ్లు ఎక్కువగా చెప్పే మాట: "మాత్ర పనిచేయట్లేదు సార్." అంతే చెబితే డాక్టరు డోసు పెంచుతారు, లేదంటే మందు మారుస్తారు. అసలు లోపం చాలాసార్లు మందులో ఉండదు, అది పనిచేసే గంటల్లో ఉంటుంది.

సమస్య: రాత్రి 9కి వేసుకుంటే తెల్లవారుజామున 3కి నొప్పి లేపేస్తుంది.

కారణం: ట్రమడాల్ అనే గట్టి నొప్పి మాత్ర సాదాదైతే దాని పట్టు 4 నుంచి 6 గంటలే.

పరిష్కారం: నాలుగు రోజులు కాగితం మీద రాయండి. మాత్ర వేసుకున్న టైము, నొప్పి తగ్గిన టైము, మళ్లీ మొదలైన టైము, పదికి ఎంత నొప్పో. అది చూపించి "ఇందులోనే ఎస్‌ఆర్ మాత్ర (మందు కొంచెం కొంచెంగా దిగుతూ ఎక్కువ గంటలు పనిచేసేది) ఉందా?" అనడగండి. ట్రమడాల్ ఎస్‌ఆర్ సాధారణంగా 12 గంటలకొకటి. సాదాదీ ఎస్‌ఆర్‌దీ కలిపి రోజుకు 400 మి.గ్రా. దాటకూడదు, వయసు మళ్లినవాళ్లకు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు అంతకన్నా తక్కువే. మూర్ఛ ఉన్నా, డిప్రెషన్ మందులు వాడుతున్నా ముందే చెప్పాలి. మద్యం తాగే అలవాటు ఉంటే సిగ్గుపడి దాచొద్దు, రెండూ కలిస్తే ఊపిరి ఆడటం మందగిస్తుంది.

సమస్య: ఎస్‌ఆర్‌కి మార్చాక విపరీతమైన మత్తు, వాంతులు.

కారణం: మింగలేక నూరడమో, నమలడమో కావొచ్చు. 12 గంటలు కొంచెం కొంచెంగా దిగాల్సిన మందంతా ఒక్కసారే రక్తంలో కలుస్తుంది. పిలిస్తే పలకనంత మత్తుంటే 108కి ఫోన్ చేయండి. మింగడం కష్టమైతే ఆ సంగతి చీటీ రాయకముందే చెప్పాలి. అలాంటివాళ్లకు చర్మానికి అంటించే మందు ప్యాచ్‌లున్నాయి: బ్యూప్రినార్ఫిన్ ప్యాచ్ 7 రోజులు, ఫెంటనిల్ ప్యాచ్ 72 గంటలు పనిచేస్తాయి. ఫెంటనిల్ మాత్రం అప్పటికే మార్ఫిన్ లాంటి గట్టి నొప్పి మందులు రోజూ వాడుతున్నవాళ్లకే. వేడి తగిలితే ప్యాచ్‌లోని మందు ఎక్కువగా దిగుతుంది. నెల్లూరు మే నెల ఎండలో పొలం పని, జ్వరం, వేడినీళ్ల కాపడం మూడూ ప్రమాదమే.

సమస్య: ఏ మాత్ర వేసినా కాళ్లలో మంట, తిమ్మిరి, కరెంటు కొట్టినట్టు.

కారణం: నరాల నొప్పి. "నొప్పి" అని ఊరుకోకుండా "మంట" అని చెప్పండి, చీటీ మారిపోతుంది. ప్రిగాబలిన్, డులోక్సెటిన్ లాంటివి రాస్తారు. పూర్తి గుణం కనిపించడానికి కొన్ని వారాలు పట్టొచ్చు, మూడు రోజులకే మానేయొద్దు.

సమస్య: డైక్లోఫెనాక్ (ఇంకో రకం నొప్పి మాత్ర) ఎస్‌ఆర్ 100 రోజుకొకటి హాయిగా ఉంది, కానీ పాదాలు వాస్తున్నాయి.

కారణం: కిడ్నీ మీద భారం పడుతుండొచ్చు, గుండె సంగతీ చూడాలి. ఎక్కువసేపు పనిచేసే మాత్ర కిడ్నీకి మేలైనదేమీ కాదు. వాపు కనిపిస్తే మాత్ర ఆపి డాక్టర్‌కి చూపించండి, కిడ్నీ పనితీరు తెలిపే సీరం క్రియాటినిన్ రక్త పరీక్ష అడగండి. బీపీ మాత్రలు వాడుతుంటే మరీ ముఖ్యం. ఆర్‌ఎంపీ ఇచ్చే పేరులేని పొట్లాలుంటే వాటినీ పట్టుకెళ్లండి. అందులో స్టెరాయిడ్ ఉండొచ్చు, నెలలుగా వాడి ఒక్కసారిగా ఆపితే మనిషి కూలబడతాడు.

ట్రమడాల్, ప్యాచ్‌లు మొదలైతే మలబద్ధకం తప్పదన్నట్టే, విరేచన మందు కూడా అదే చీటీలో రాయించుకోండి. ట్రమడాల్ 2018 నుంచి మాదకద్రవ్యాల చట్టం కిందికి వచ్చింది. పాత చీటీకి షాపువాళ్లు ఇవ్వకపోతే గొడవపడకుండా, మాత్రలు ఇంకా వారానికి ఉండగానే కొత్త చీటీ రాయించుకోండి.