బండిల్ కొనే ముందు ట్యాబ్ నొక్కి చూడండి

రాయితీ ఉంది కదా అని పది సాఫ్ట్‌వేర్లు కలిపి కొంటే, తీరా స్క్రీన్ రీడర్‌తో (తెర మీద ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో) పనిచేసేవి రెండో మూడో ఉంటాయి. అందుకే డబ్బు కట్టే ముందే నాకు కావలసిన వాటి ట్రయల్ వెర్షన్లు దించుకుంటున్నాను. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితమే. దాన్ని నడుపుతూ, మౌస్ ముట్టకుండా ట్యాబ్, ఆల్ట్, బాణం మీటలతోనే ఒక ఫైలు తెరిచి, మార్చి, సేవ్ చేసి చూస్తాను. పది నిమిషాలు చాలు. "సేవ్ బటన్" అని పేరుతో సహా పలకాలి. ఉత్త "బటన్, బటన్" అని వినిపిస్తే దాన్ని లెక్కలోంచి తీసేస్తాను. మొత్తం ధరను మిగిలిన వాటితోనే భాగించాలి: 2,000 రూపాయల బండిల్‌లో నాలుగే పనికొస్తే ఒక్కొక్కటి 500 పడినట్టు.

ఒక జాగ్రత్త. బండిల్‌లో ఒక్కోసారి పాత వెర్షన్ ఇస్తారు, అప్పుడు ట్రయల్ పరీక్ష చెల్లదు. వెర్షన్ సంఖ్య, డబ్బు వాపసు గడువు ముందే చూసుకోండి.