రూట్ కెనాల్ అయిన రాత్రి నొప్పికి

రూట్ కెనాల్ తర్వాత మత్తు దిగగానే సలుపు మొదలవుతుంది, పడుకుంటే మరీను. మొదటిసారి చేయించుకున్నప్పుడు, నొప్పి వచ్చాక చూద్దాంలే అని నొప్పి మాత్ర పక్కన పెట్టి, రాత్రంతా జాగారం చేశాను. రెండోసారి డాక్టర్ రాసిచ్చిన ఆ మాత్రనే, తిమ్మిరి పూర్తిగా వదలకముందే వేసుకున్నాను. అంతకుముందు నమలక్కర్లేనిది కొంచెం తాగాను (తిమ్మిరి మీద నమిలితే బుగ్గ కొరుక్కుంటాం). గుడ్డలో చుట్టిన ఐసు బుగ్గ మీద 15 నిమిషాలు, మళ్లీ 15 నిమిషాలు విరామం, ఇలా మూడుసార్లు. తల కింద రెండు దిండ్లు. నిద్ర పట్టింది.

మూడు రోజులు దాటినా నొప్పి పెరుగుతుంటే, వాపో జ్వరమో వస్తే, లేదా పళ్లు మూసినప్పుడు ఆ పన్నే ముందు తగులుతుంటే ఇవేవీ పనిచేయవు. డాక్టర్‌కి చూపించాల్సిందే.