ఇంట్లో అడాప్టర్ కట్టే ముందు తీగ చూడండి

హన్మకొండలో మా రిపేర్ షాపుకి మొన్న వానల్లో ఒక డిప్లొమా కుర్రాడు వచ్చాడు. ల్యాప్‌టాప్ బ్యాగు జిప్పు తీయగానే బోర్డు కాలిన వాసన గుప్పుమంది. ఛార్జింగ్ జాక్ పక్కన శనగగింజంత నల్లమచ్చ. "అన్నా, అడాప్టర్ మీద పందొమ్మిదిన్నర వోల్టులని ఉంది. నేను పద్దెనిమిదే ఇచ్చిన, తక్కువే కదా" అన్నాడు. పాత అడాప్టర్ పనిచేయక సొంతంగా కట్టుకున్నాడు: ఆంప్లిఫయర్‌లోంచి తీసిన 18 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్, నాలుగు డయోడ్లు, ఒక పెద్ద కెపాసిటర్. మల్టీమీటర్ పెడితే 26 వోల్టులు దాటింది.

తప్పు ఎక్కడంటే, ట్రాన్స్‌ఫార్మర్ మీద రాసే 18 ఏసీ లెక్క. బ్రిడ్జ్, అంటే ఏసీని డీసీగా మార్చే ఆ నాలుగు డయోడ్లు, దాటి కెపాసిటర్‌లో నిలిచేది దానికి 1.414 రెట్లు, అంటే 25 పైనే. డయోడ్లు ఒకటిన్నర వోల్టు దాకా తినేసినా 24 దగ్గర ఉంటుంది. లోడ్ లేనప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ ఇంకా ఎక్కువ ఇస్తుంది. పైగా దానికి వోల్టేజీని ఒకేచోట నిలిపే రెగ్యులేషన్ లేదు, ఇంట్లో వోల్టేజీ పెరిగితే అదీ పెరుగుతుంది. అసలు అడాప్టర్ మాత్రం లోడ్ ఉన్నా లేకున్నా 19.5 దగ్గరే కదలకుండా నిలబడుతుంది, షార్ట్ అయితే తనంతట తాను ఆగిపోతుంది. ఆ పని నాలుగు డయోడ్లతో అయ్యేది కాదు.

జాక్ సంగతి కూడా చెప్పాలి. డెల్, హెచ్‌పీ పాత లావు జాక్ మధ్యలో ఉండే సన్న పిన్ను పాజిటివ్ కాదు. అది అడాప్టర్ ఎన్ని వాట్లదో ల్యాప్‌టాప్‌కి చెప్పే తీగ. పాజిటివ్ లోపలి గోడకి, నెగటివ్ బయటి గోడకి వస్తాయి. మధ్య పిన్నుకి 19 వోల్టులు తగిలిస్తే ఆ సర్క్యూట్ పోతుంది. డెల్‌లో ఆ పిన్ను వదిలేస్తే మెషీన్ ఆన్ అయినా బ్యాటరీ ఎక్కదు, స్పీడ్ పడిపోతుంది.

మర్నాడు ఆ కుర్రాడితో పాత అడాప్టర్ తెప్పించాను. జాక్ దగ్గర తీగ లోపల తెగింది, అంతే. మా దగ్గరికి వచ్చేవాటిలో ఎక్కువ ఇలాంటివే, అందుకే ముందు ఇది చూడమంటాను. మీటర్‌ని డీసీ వోల్టుల మీద పెట్టి, జాక్ లోపలి గోడకీ బయటి గోడకీ ఆనించండి, మధ్య పిన్ను జోలికి పోవద్దు. జాక్ మెడ దగ్గర, అడాప్టర్ డబ్బా మూతి దగ్గర తీగను మెల్లగా అటూ ఇటూ వంచండి. అంకె వస్తూ పోతూ ఉంటే జబ్బు తీగలోనే.

తెగింది జాక్ దగ్గరైతే ప్లగ్ పీకి, తెగినచోటికి డబ్బా వైపు రెండంగుళాల అవతల కోసి, అదే రకం జాక్ ఉన్న కొత్త తీగ అతికించాలి. బయట అల్లినట్టు ఉండేది సాధారణంగా నెగటివ్, అయినా రంగును నమ్మకుండా మీటర్‌తో చూసుకోండి. ఏ అతుకుకి ఆ అతుకు విడిగా సోల్డర్ చేసి హీట్ ష్రింక్ స్లీవ్ (వేడికి ముడుచుకుని పట్టుకునే గొట్టం) వేయాలి. ఉత్త టేపు వేడికి జారిపోతుంది. ల్యాప్‌టాప్‌కి పెట్టే ముందు వోల్టేజీ, పోలారిటీ (ఏది పాజిటివ్, ఏది నెగటివ్ అన్నది) మళ్లీ కొలవండి.

డబ్బా మాత్రం విప్పొద్దు, బతిమాలి చెప్తున్నా. లోపలి కెపాసిటర్‌లో 325 వోల్టుల దాకా ఉంటుంది, ప్లగ్ తీసినా కాసేపు దిగదు. అటు కరెంటుకీ ఇటు మనకీ మధ్య ఉండే చిన్న నీలం వై కెపాసిటర్ (భద్రత కోసం ప్రత్యేకంగా చేసేది) స్థానంలో మామూలుది వేస్తే, అది షార్ట్ అయిన రోజు 230 వోల్టులు ల్యాప్‌టాప్ బాడీ మీదికి వస్తాయి.

కొత్తది కొనాల్సి వస్తే వోల్టులు అవే ఉండాలి, ఆంపియర్లు అంతే గానీ ఎక్కువ గానీ ఉండొచ్చు, తక్కువ పనికిరాదు. 65 వాట్లదైతే 19.5 వోల్టులు, 3.34 ఆంపియర్లు అని చూస్తారు. లేబుల్ మీద ఐఎస్‌తో మొదలయ్యే ప్రమాణం నంబరు, దాని కింద ఆర్‌తో మొదలయ్యే నంబరు ఉండాలి. ఆ నంబరును బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) కేర్ యాప్‌లో కొట్టి చూడండి. కంపెనీ పేరు కలవకపోతే షాపులోనే వదిలేసి వచ్చేయండి.