సాగు కొనుగోళ్లపై కట్టిన జీఎస్టీని రాబట్టుకోవడం ఎలా

ట్రాక్టరు, డ్రిప్పు పైపులు, పురుగుమందు, గోదాముకు సిమెంటు, పసుపు ఆడించే మిల్లు, ఏది కొన్నా బిల్లు అడుగున జీఎస్టీ వరుస కనిపిస్తుంది. వ్యాపారి తాను కొన్న సరుకుపై కట్టిన పన్నును తన అమ్మకాల పన్నులో మినహాయించుకుంటాడు కదా, సాగు చేసేవారికి ఆ వెసులుబాటు ఎందుకు లేదని చాలామంది అడుగుతారు. కొందరికి ఉంది, చాలామందికి లేదు. ఏం కొన్నారన్న దానికంటే, కొన్నదానితో చివరికి ఏం అమ్ముతున్నారు, ఎవరి పేరిట అమ్ముతున్నారు అన్న రెండు సంగతులే దీన్ని తేలుస్తాయి. అందువల్ల ఈ లెక్క కొనుగోలు తర్వాత కాదు, దానికి ముందే వేసుకోవాలి.

మొదట సొంతంగా సాగు చేసుకునే రైతు సంగతి చూద్దాం. తన శ్రమతో గానీ, కుటుంబ సభ్యుల శ్రమతో గానీ, తమ పర్యవేక్షణలో పనిచేసే కూలీలతో గానీ భూమిని సాగు చేసే వ్యక్తిని, లేదా హిందూ అవిభక్త కుటుంబాన్ని, 2017 కేంద్ర జీఎస్టీ చట్టం వ్యవసాయదారుగా గుర్తిస్తుంది. ఆ భూమిలో పండినదాన్ని అమ్మినంత మేరకు, అమ్మకం ఎంతైనా సరే, చట్టంలోని 23వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషన్ అవసరం లేదు. పత్తి, పొగాకు ఆకు వంటి పంటలను రిజిస్టరైన వ్యాపారికి అమ్మినప్పుడు పన్ను వర్తించినా, రివర్స్ ఛార్జి పద్ధతిలో దాన్ని కొన్నవారే కడతారు. అయితే రిజిస్ట్రేషన్ లేనివారికి ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ (కొనుగోళ్లపై కట్టిన పన్నును అమ్మకాల పన్నులో మినహాయించుకునే హక్కు) కూడా ఉండదు. పోనీ స్వచ్ఛందంగా రిజిస్టర్ చేయించుకుందామన్నా, పన్ను లేని కూరగాయలనో ధాన్యాన్నో అమ్మడానికి వాడిన ట్రాక్టరు మీద క్రెడిట్‌ను 17వ సెక్షను అడ్డుకుంటుంది. కాబట్టి రిజిస్ట్రేషన్ చేయిస్తే ట్రాక్టరు పన్ను వెనక్కి ఇప్పిస్తామని చెప్పే మధ్యవర్తులను నమ్మవద్దు. వారి మాట విన్న రైతుకు మిగిలేది క్రమం తప్పకుండా రిటర్నులు వేయాల్సిన బాధ్యత, వేయకపోతే ఆలస్య రుసుము మాత్రమే.

ఇలాంటి రైతు చేయగలిగింది, కట్టనక్కర్లేని పన్ను కట్టకుండా చూసుకోవడం. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్లపై పన్ను 12 శాతం నుంచి 5 శాతానికి, ట్రాక్టరు టైర్లపై 18 శాతం నుంచి 5 శాతానికి, డ్రిప్పు, స్ప్రింక్లర్ పరికరాలపై 12 శాతం నుంచి 5 శాతానికి, సిమెంటుపై 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. బిల్లులో పాత రేటు వేసి ఉంటే, డీలరును క్రెడిట్ నోటు (బిల్లు మొత్తాన్ని తగ్గించే పత్రం) ఇవ్వమని, ఎక్కువ తీసుకున్న సొమ్ము తిరిగి చెల్లించమని రాతపూర్వకంగా అడగాలి. ఆ ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30 దాటితే డీలరు తన రిటర్నులో ఆ సవరణ చూపలేడు కనుక జాప్యం చేయకూడదు. సేవల విషయంలో ఇది మరింత ముఖ్యం. దుక్కి, కోత, నూర్పిడి, సస్యరక్షణ, వ్యవసాయ కూలీల సరఫరా, వ్యవసాయ యంత్రాల అద్దె, పంట నిల్వ, ఇవన్నీ జీఎస్టీ మినహాయింపు ఉన్న సేవలు. కోత యంత్రం అద్దె బిల్లులో పన్ను వేస్తే, మినహాయింపు సంగతి చెప్పి బిల్లును అక్కడికక్కడే సరిచేయించుకోవాలి.

క్రెడిట్ ఎవరికి వస్తుంది?

పన్ను వర్తించే సరుకు అమ్మేవారికి, ఎగుమతి చేసేవారికి వస్తుంది. పసుపు పొడి, కారం, నూనె, మామిడి గుజ్జు తయారుచేసి అమ్మే రైతు ఉత్పత్తిదారుల సంస్థలు, తూకం, వివరాలు ముద్రించిన 25 కిలోల లోపు సంచుల్లో బియ్యం అమ్మే సంఘాలు, ఎరువులు, పురుగుమందుల దుకాణం నడిపే సహకార సంఘాలు ఈ కోవలోకి వస్తాయి. కంపెనీగానో సహకార సంఘంగానో నమోదైన సంస్థ చట్టం దృష్టిలో వ్యవసాయదారు కాదు కాబట్టి 23వ సెక్షనులో రైతుకు ఇచ్చిన మినహాయింపు దానికి వర్తించదు. సరుకులు మాత్రమే అమ్మే సంస్థకు రిజిస్ట్రేషన్ పరిమితి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షల రూపాయల టర్నోవరు కాగా, తెలంగాణలో 20 లక్షలే. పరిమితి దాటకపోయినా స్వచ్ఛందంగా నమోదు కావచ్చు. టర్నోవరుపై తక్కువ రేటుతో పన్ను కట్టే కాంపొజిషన్ పథకంలో చేరితే మాత్రం క్రెడిట్ హక్కు పోతుందని గుర్తుంచుకోవాలి.

ఇక్కడ వరుసక్రమం చాలా ముఖ్యం. కొత్తగా రిజిస్టరైనవారు అప్పటికే నిల్వ ఉన్న ముడిసరుకు, తయారైన, సగం తయారైన సరుకులోని ముడిసరుకు మీద కట్టిన పన్నుకు, ఏడాది దాటని బిల్లులు ఉంటే, 30 రోజుల్లోగా ఐటీసీ-01 ఫారం వేసి క్రెడిట్ పొందవచ్చు. కానీ ముందే కొన్న యంత్రాలకు ఈ సదుపాయం లేదు. సంస్థ పుట్టిన ఉత్సాహంలో మొదట మిల్లు బిగించి, ఉత్పత్తి మొదలయ్యాక రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు చేసే సంస్థ, ఆ యంత్రంపై పన్నును శాశ్వతంగా పోగొట్టుకుంటుంది. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే బాధాకరమైన నష్టం ఇదే, ఎందుకంటే కొన్ని వారాలు ఆగితే తప్పిపోయేది. రిజిస్ట్రేషన్ నంబరు చేతికి వచ్చాకే యంత్రానికి బిల్లు వేయించాలి.

ఆ బిల్లు సంస్థ పేరిట, సంస్థ జీఎస్టీ నంబరుతో ఉండాలి. ఛైర్మన్ పేరిటో, సొమ్ము సర్దిన సభ్యుడి పేరిటో ఉన్న బిల్లు పనికిరాదు. చేతికి బిల్లు వచ్చినంత మాత్రాన పని పూర్తి కాదు. డీలరు దాన్ని తన అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1లో చూపితేనే, పోర్టల్ మీకు చూపే క్రెడిట్ పట్టిక జీఎస్టీఆర్-2బీలో కనిపిస్తుంది, అక్కడ కనిపించనిదాన్ని మీరు పన్ను కట్టే రిటర్ను జీఎస్టీఆర్-3బీలో వాడుకునే వీలు లేదు. అందుకే పెద్ద యంత్రాల విషయంలో పన్ను మొత్తానికి సరిపడే చివరి వాయిదాను బిల్లు 2బీలో కనిపించే వరకు ఆపి ఉంచేలా ముందే ఒప్పందం రాసుకోవడం మంచిది. అలాగని మరీ ఎక్కువ కాలం ఆపకూడదు, బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లోగా డీలరుకు డబ్బు చెల్లించకపోతే తీసుకున్న క్రెడిట్‌ను వడ్డీతో వెనక్కి కట్టాలి. తర్వాత చెల్లించినప్పుడు దాన్ని మళ్లీ పొందవచ్చు. మొత్తం మీద ఒక ఆర్థిక సంవత్సరపు బిల్లులపై క్రెడిట్‌ను తర్వాతి నవంబరు 30లోగా, లేదా వార్షిక రిటర్ను వేసేలోగా, ఏది ముందైతే దానిలోగా తీసుకోవాలి. ఆదాయపు పన్ను లెక్కల్లో యంత్రం విలువలో జీఎస్టీని కలిపి తరుగుదల చూపితే క్రెడిట్ రాదు, ఈ మాట మీ ఆడిటరుకు ముందే చెప్పాలి.

కట్టడాలు, అభివృద్ధి పనులు

పొలంలో, ప్రాంగణంలో చేసే నిర్మాణాల దగ్గరే ఎక్కువ తగాదాలు వస్తాయి. 17(5) సెక్షను ప్రకారం గోదాము, షెడ్డు, కార్యాలయం, ప్రహరీ వంటి స్థిరాస్తి నిర్మాణానికి వాడిన సిమెంటు, ఇనుము, కాంట్రాక్టరు సేవలు, ఇంజనీరు ఫీజు, వేటిపైనా క్రెడిట్ లేదు. ఇందుకు మినహాయింపు ప్లాంట్, యంత్రాలకు మాత్రమే. యంత్రాన్ని నిలబెట్టే పునాదికి, దానికి ఆధారంగా ఉండే ఇనుప చట్రానికి కూడా ఈ మినహాయింపు వర్తిస్తుంది, కానీ దాని చుట్టూ కట్టిన గోడలకు, పైకప్పుకు వర్తించదు. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు సఫారీ రిట్రీట్స్ కేసులో ఇచ్చిన తీర్పుతో కొన్ని భవనాలనూ ప్లాంటుగా చూడవచ్చన్న ఆశ కలిగింది గానీ, 2025 ఆర్థిక చట్టం సెక్షనులోని పదాలను 2017 జులై 1 నుంచే వర్తించేలా మార్చి ఆ దారి మూసివేసింది. అందువల్ల కాంట్రాక్టరుతో ఒకే మొత్తానికి ఒప్పందం చేసుకోకుండా, భవనానికి ఒక బిల్లు, యంత్రాలకు, వాటి పునాదులకు మరో బిల్లు విడిగా తీసుకోవాలి. అన్నీ కలిపి 'మిల్లు నిర్మాణం' అని ఒక్క వాక్యంలో రాసిన బిల్లుతో న్యాయంగా వచ్చే భాగాన్ని కూడా నిరూపించడం కష్టమవుతుంది. భవనం మరమ్మతుల విషయంలో ఒక వెసులుబాటు ఉంది. ఆ ఖర్చును ఆస్తి విలువలో కలపకుండా ఆ ఏటి ఖర్చుగా రాసినప్పుడు ఈ నిషేధం వర్తించదు.

యంత్రానికి అర్హత ఉన్నా, దాన్ని దేనికి వాడుతున్నారన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. సభ్యులకు అద్దెకిచ్చే ట్రాక్టర్లు, కోత యంత్రాలు ఇందుకు మంచి ఉదాహరణ. వ్యవసాయ యంత్రాల అద్దెపై పన్ను లేదు కాబట్టి, అద్దె కేంద్రం కోసమే కొన్న యంత్రాలపై క్రెడిట్ కూడా లేదు. రైతుల పంటను మాత్రమే నిల్వ ఉంచే శీతల గిడ్డంగి యంత్రాలకూ ఇదే వర్తిస్తుంది.

ఒకే యంత్రం పన్ను ఉన్న సరుకుకూ లేని సరుకుకూ వాడితే, 43వ నిబంధన ప్రకారం క్రెడిట్‌ను 60 నెలలకు పంచి లెక్కించాలి. బిల్లులో పన్ను 1,80,000 రూపాయలు ఉందనుకుందాం. నెలకు 3,000 రూపాయలు. ఒక నెలలో మొత్తం అమ్మకాలు 10 లక్షలు, అందులో పన్ను లేనివి 4 లక్షలైతే, 3,000లో 40 శాతం, అంటే 1,200 రూపాయలు ఆ నెల వెనక్కి కట్టాలి. మొత్తం క్రెడిట్‌ను జీఎస్టీఆర్-3బీ పట్టిక 4(ఏ)లో మొదటే చూపి, నెలనెలా వెనక్కి కట్టేదాన్ని 4(బీ)లో చూపాలి. కరెంటు సామాను, ప్యాకింగ్, ఆడిట్ ఫీజు వంటి ఉమ్మడి ఖర్చులకు 42వ నిబంధన కింద ఇదే తరహా పంపకం ఉంటుంది, ఏడాది చివర మొత్తం అమ్మకాలతో మళ్లీ సరిచూడాలి. డీజిలుపై పన్ను జీఎస్టీ పరిధిలో లేదు కనుక ఈ లెక్కలోకే రాదు. ఐదేళ్లలోపు యంత్రాన్ని అమ్మేస్తే, వాడిన ప్రతి మూడు నెలలకు 5 శాతం చొప్పున తగ్గించిన క్రెడిట్, అమ్మకం ధరపై పన్ను, ఈ రెంటిలో ఎక్కువైనది చెల్లించాలి.

నగదుగా వెనక్కి పొందడం

క్రెడిట్ మామూలుగా మీరు కట్టాల్సిన పన్నుకు సర్దుబాటు అవుతుంది. నగదు రిఫండుకు ప్రధానంగా రెండు దారులున్నాయి. ఒకటి ఎగుమతి. తాజా మామిడిపై దేశంలో పన్ను లేకపోయినా, ఎగుమతి చేస్తే అది సున్నా రేటు సరఫరా (అమ్మకంపై పన్ను లేకున్నా క్రెడిట్ హక్కు ఉండేది) అవుతుంది, దానికి వాడిన అట్టపెట్టెలు, గ్రేడింగు, రవాణా సేవలపై కట్టిన పన్ను రిఫండుగా అడగవచ్చు. పన్ను వర్తించే సరుకును పన్ను కట్టకుండా ఎగుమతి చేసేవారు ఏటా ఆర్‌ఎఫ్‌డీ-11 ఫారంలో అండర్‌టేకింగ్ (హామీపత్రం) ఇవ్వాలి, తాజా మామిడి వంటి పన్ను లేని సరుకుకు అది అక్కర్లేదు. షిప్పింగ్ బిల్లు (కస్టమ్స్‌కు ఇచ్చే ఎగుమతి పత్రం) మాత్రం మీ పేరిట ఉండాలి. పండ్లను ఎగుమతిదారుకు అమ్మేస్తే ఆ హక్కు అతనిదే. ఈ రిఫండు లెక్కలోకి యంత్రాలపై పన్ను రాదు. రెండోది, కొన్న ముడిసరుకుపై రేటు, అమ్మే సరుకుపై రేటు కంటే ఎక్కువగా ఉండి క్రెడిట్ పేరుకుపోవడం. ఇందులో సేవలపై, యంత్రాలపై పన్ను కలవదు, వంటనూనెలకు 2022 జులై 18 నుంచి ఈ రిఫండు లేదు.

రెండింటికీ దరఖాస్తు ఆర్‌ఎఫ్‌డీ-01లోనే, గడువు రెండేళ్లు. దరఖాస్తులో లోపాలుంటే 15 రోజుల్లో ఆర్‌ఎఫ్‌డీ-03 అనే లోపాల పత్రం జారీ అవుతుంది, అప్పుడు సరిచేసి కొత్తగా వేయాలి. చాలా సందర్భాల్లో లోపం బిల్లుల జాబితాకూ 2బీకీ మధ్య పొంతన లేకపోవడమే కాబట్టి, పంపే ముందు ఒక్కో బిల్లు నంబరు, తేదీ, పన్ను మొత్తం పక్కపక్కన పెట్టి సరిచూసుకోవాలి. పూర్తి దరఖాస్తు అందిన 60 రోజుల్లోగా సొమ్ము రాకపోతే, ఆ తర్వాతి కాలానికి 6 శాతం వడ్డీ మీకు రావాలి.