నూనెలు, బటర్లతో ఒంటి సంరక్షణ – మూడో పాఠం: మన ఎండకి నిలిచే బామ్

కిందటి పాఠంలో ఇచ్చిన పని చేశారా? నువ్వుల నూనె, కొబ్బరి నూనె, ఆముదం ఒక్కో చుక్క ముంజేతి మీద వేరువేరుగా రుద్ది, ఏది ఎంతసేపటికి ఇంకిందో, ఏది జిడ్డుగా మిగిలిందో రాసుకోమన్నాను. చేయనివాళ్ళు ముందు అది చేసి రండి, పది నిమిషాల పని. అది చేయకుండా ఈ పాఠం చదివితే అంకెలు గుర్తుంటాయి గానీ చేతికి ఏమీ తెలియదు.

ఈసారి బటర్లు, వాటితో చేసే బామ్, అంటే పొడిబారిన చర్మానికి రాసుకునే గట్టి లేపనం. బటర్లు కూడా గింజల నుంచి తీసే కొవ్వులే, కాకపోతే వీటిలో స్టియరిక్ ఆమ్లం లాంటి సంతృప్త కొవ్వులు ఎక్కువ కాబట్టి గది వేడిలో గడ్డగా ఉంటాయి. ఏ బటర్ ఎంత వేడికి కరుగుతుందో తెలిస్తే సగం పాఠం వచ్చినట్టే.

ఇది నేను నష్టపోయి నేర్చుకున్నాను. మొదటిసారి షియా బటర్, బాదం నూనె సగం సగం వేసి బామ్ చేశాను, జనవరిలో చక్కగా కుదిరింది. అదే బామ్ మేలో హైదరాబాద్ నుంచి విజయవాడకి అక్క కోసం బస్సులో తీసుకెళ్తే, దిగేసరికి డబ్బాలో ఉన్నదంతా నూనై మూత సందుల్లోంచి కారి, సంచిలోని బట్టలన్నీ తడిసిపోయాయి. నేను పట్టుకున్న కొలతలు చలిదేశంలో ఉండేవాళ్ళు రాసుకున్నవి, వాళ్ళ ఇంట్లో ఇరవై డిగ్రీలు, మన బస్సులో నలభై. కొలతల్లో తప్పు లేదు, అవి మన ఊరివి కావు, అంతే.

కాబట్టి ఈ అంకెలు పుస్తకంలో రాసి పెట్టుకోండి. కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అందుకే మనకి ఏడాదిలో ఎక్కువ రోజులు నూనెగానే కనిపించి డిసెంబరు పొద్దున మాత్రం సీసాలో గడ్డకడుతుంది. పశ్చిమ ఆఫ్రికా నుంచి వచ్చే షియా బటర్ 32 మొదలుకొని మెత్తబడుతుంది. మామిడి టెంక లోపలి జీడి నుంచి తీసే మామిడి బటర్, చాక్లెట్‌లో వాడే కోకో బటర్, రెండూ దాదాపు 34–38. కొంకణ్ తీరంలో, గోవాలో చారులోకి వాడే కోకం పండు ఉంది కదా, దాని గింజల నుంచి వచ్చే కోకం బటర్ 38–40. మన చర్మం పైభాగం వేడి దాదాపు 32–34 ఉంటుంది. అంటే మామిడి బటర్ చేతిలో కాసేపు రుద్దితే కరిగి పాకుతుంది, కోకం ఒక్కటే రాస్తే పెళుసుగా ముక్కలై ఒంటి మీద గీసుకుంటుంది. కోకం ఒంటరిగా పనికిరాదు, కానీ మిగతావాటికి వెన్నెముకలా నిలబడేది అదే. ఆదిలాబాద్ వైపు గోండులు వంటకీ దీపానికీ వాడే ఇప్ప నూనె కూడా ఈ కుటుంబంలోదే, చలికి గడ్డకడుతుంది, ఎండకి నూనైపోతుంది. బామ్‌కి అదొక్కటే ఆధారంగా చేసుకోవద్దు గానీ, స్వచ్ఛమైనది దొరికితే నువ్వుల నూనె బదులు కొంత కలిపి చూడండి, నాకు చాలా ఇష్టం.

ఇప్పుడు కొలతలు, 100 గ్రాముల బామ్‌కి. ఎండాకాలానికైతే మామిడి బటర్ 30, కోకం బటర్ 25, నువ్వుల నూనె 35, తేనె మైనం 10 గ్రాములు. తేనె మైనం 62 డిగ్రీలు దాటితే గానీ కరగదు, డబ్బాని పట్టి ఉంచేది అదే. పూర్తిగా మొక్కల నుంచి వచ్చినవే కావాలనుకునేవాళ్ళు క్యాండెలిల్లా మైనం వాడండి, అది ఇంకా గట్టిది కాబట్టి 5 గ్రాములు చాలు, ఆ మిగిలిన 5 నువ్వుల నూనెలో కలపండి. చలికాలానికి, అలాగే అమెరికాలో చలి ఊళ్ళల్లో ఉన్నవాళ్ళకి, మైనం అక్కర్లేదు: మామిడి బటర్ 40, నువ్వుల నూనె 50, ఆముదం 10. ఆముదం అంతకు మించి వెయ్యకండి, బంకబంకగా ఉంటుంది. చెంచాలతో కాదు, వంటింటి డిజిటల్ తక్కెడతో తూచండి.

నువ్వుల నూనే ఎందుకంటే, అది తొందరగా పాడవదు. దానిలో సెసమాల్ లాంటి పదార్థాలు సహజంగానే ఉండి నూనె గాలికి చెడకుండా కాపాడతాయి, ఆవకాయకి పప్పు నూనె, అంటే ఈ నువ్వుల నూనే, పోసే మన పెద్దవాళ్ళకి ఈ సంగతి చేతితోనే తెలుసు. ద్రాక్ష గింజల నూనె తేలికగా ఇంకుతుంది నిజమే, కానీ అందులో గాలికి తొందరగా చెడే లినోలియిక్ ఆమ్లం దాదాపు 70 శాతం, మన వేడికి కొన్ని నెలల్లోనే పాత కారప్పూస వాసన వస్తుంది. ఆ వాసన వస్తే మొహమాటపడకుండా పారబోయండి, ఒంటికి రాయొద్దు. విదేశాల్లో ఉన్నవాళ్ళు ఒకటి గమనించండి, చైనా, కొరియా సరుకుల దుకాణాల్లో ముదురు రంగులో దొరికేది వేయించిన నువ్వుల నూనె, అది వంటకే, దీనికి లేత రంగుది తీసుకోండి.

చేసే పద్ధతి: అడుగున నీళ్ళున్న గిన్నెలో వేడిని తట్టుకునే గాజు పాత్ర పెట్టి, సన్నసెగ మీద ముందు మైనం, అది కరిగాక కోకం, తర్వాత మామిడి, చివర నూనె. గట్టివాటి నుంచి మెత్తవాటికి రావాలి, లేకపోతే నూనె అనవసరంగా ఎక్కువసేపు కాగుతుంది. ఒక్క నీటిచుక్క కూడా లోపల పడకూడదు. నీళ్ళు లేవు కాబట్టే దీనికి బూజు పట్టకుండా వేరే మందు అక్కర్లేదు, తడిచెయ్యి డబ్బాలో పెట్టారా, ఆ ధీమా పోయినట్టే. అన్నీ కరిగాక పాకం చూసినట్టు చూడాలి: ఫ్రిజ్‌లో చల్లబరిచిన స్టీలు పళ్ళెం మీద ఒక చుక్క వేసి, రెండు నిమిషాలాగి వేలితో నొక్కండి. మరీ గట్టిగా ఉంటే 5 గ్రాముల నూనె, మరీ జారుగా ఉంటే 5 గ్రాముల కోకం కలిపి మళ్ళీ చూడండి.

ఇక్కడే చాలామంది చేతులెత్తేసే ఇబ్బంది ఒకటుంది. బామ్ పైకి బాగానే కనిపిస్తుంది, వేలితో తీస్తే ఇసుక ఇసుకగా తగులుతుంది. పాడైందని పారేస్తారు, పారేయకండి. నెయ్యి కాచి నెమ్మదిగా ఆరనిస్తే పూస కడుతుంది చూశారా, ఇదీ అదే. నెమ్మదిగా చల్లారితే గట్టి కొవ్వులు ముందే విడిపోయి గింజలు కడతాయి. నెయ్యిలో మనకి ఆ పూస కావాలి, బామ్‌లో వద్దు. అందుకని దీన్ని మళ్ళీ పూర్తిగా, ఒక్క గింజ కూడా మిగలకుండా కరిగించి, ఐస్ ముక్కలు వేసిన నీళ్ళలో పాత్ర ఉంచి కలుపుతూ తొందరగా చల్లబరచండి. చిక్కబడటం మొదలవగానే డబ్బాల్లో పోసి ఫ్రిజ్‌లో పెట్టేయండి. షియాతో ఈ తలనొప్పి మరీ ఎక్కువ.

సువాసన కోసం ఎసెన్షియల్ ఆయిల్, అంటే పూలు, ఆకుల లాంటివాటి నుంచి తీసే గాఢమైన వాసన నూనె, వేస్తే, అలా చిక్కబడే సమయంలోనే, అప్పుడు వేడి 45 డిగ్రీలకి అటూ ఇటూగా ఉంటుంది, ముందే వేస్తే వాసన ఆవిరైపోతుంది. 100 గ్రాములకి ఒక మిల్లీలీటరు లావెండర్ చాలు, మందుల షాపులో దొరికే సూది లేని చిన్న సిరంజితో కొలవండి, ఎందుకంటే చుక్కల పరిమాణం ఒక్కో సీసాకి ఒక్కోలా ఉంటుంది. తొక్క పిండి తీసిన నిమ్మజాతి నూనెలు వేసి ఎండలోకి వెళ్తే చర్మం కమిలిపోవచ్చు, వాటిని ఇందులో వేయొద్దు. రెండేళ్ళలోపు పిల్లలకి, గర్భిణులకి ఎసెన్షియల్ ఆయిల్ లేకుండానే చేయండి, ఈ బామ్‌కి అది లేకపోయినా లోటేమీ లేదు. మొటిమలున్నవాళ్ళు మొహానికి రాసుకోకండి, మోచేతులకి, మడమలకి, పగిలిన పెదాలకి ఇది. గజ్జి, సోరియాసిస్ లాంటివి తగ్గుతాయని ఎవరికీ చెప్పకండి, తగ్గవు, పొడి మాత్రమే తగ్గుతుంది. నువ్వులు పడనివాళ్ళు ఉంటారు కాబట్టి ముందు మోచేతి లోపలివైపు కొంచెం రాసి రెండు రోజులు చూడాలి.

ఈ వారం పని: 100 గ్రాములు ఒకేసారి చేయకుండా, పై కొలతల్లో నాలుగో వంతు, అంటే 25 గ్రాములు చేయండి. ఒక చిన్న డబ్బా ఫ్రిజ్‌లో, ఇంకొకటి ఇంట్లో అన్నిటికంటే వేడిగా ఉండే చోట, మధ్యాహ్నం ఎండ తగిలే గూట్లో అనుకోండి, పక్కన థర్మామీటర్‌తో రెండు రోజులు ఉంచండి. ఎన్ని డిగ్రీలకి అంచులు కరగడం మొదలైందో, చల్లారాక గింజ కట్టిందో లేదో తేదీతో సహా డబ్బా మీదే రాయండి. వచ్చే పాఠంలో మందార పూలు నూనెలో ఊరబెట్టేటప్పుడు ఆ అంకె మళ్ళీ కావాలి.